మూత తీసే చెయ్యి

గరిటె ఎడమ వైపు ఉంది.

ఆమె వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. చంకలో పిల్ల ఏడ్చి ఏడ్చి ఇప్పుడే వెక్కిళ్ళలోకి దిగింది. పిల్లని చూసే పక్కింటావిడకి సరిగ్గా ఇవాళే జ్వరం రావాలా? పెళ్ళివారికి వంట రుచి చూపించే రోజు పిల్లని వెంటేసుకుని రాకూడదని తెలుసు. తెలిసీ వచ్చింది. పాలు పట్టడానికి పెరట్లోకి వెళ్తూ అయిదు నిమిషాలే అనుకుంది. అయిదు కాస్తా ఇరవై అయ్యాయి.

ఆ మంట మీద మాంసం ఇరవై నిమిషాలు కదపకుండా ఉంటే గిన్నె అడుగు బొగ్గయిపోవాలి. కానీ మాడు వాసన లేదు. ఇంకేదో వాసన వస్తోంది, ముక్కు ఒకసారి పీల్చి ఊరుకోలేని వాసన.

మంట ఎవరో తగ్గించారు. కుడిపక్క పళ్ళెంలో తను బోర్లించి వెళ్ళిన గరిటె గిన్నెకి ఎడమపక్కకి చేరి, వెల్లకిలా పడుకుని ఉంది. మూత ఎత్తి చూసింది. కూర రంగు ముదిరింది. అంచుల్లో నూనె సన్నగా తేలింది. చిటికెన వేలితో ఇంత నాలుకకి రాసుకుంది.

అది తన కూర కాదు. తన కూర కన్నా బావుంది.

సింకు దగ్గర అటు తిరిగి ఒక పెద్దావిడ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. కత్తి ఎడమ చేతిలో ఉంది. ఇంటి వంటమనిషి. ఇంట్లో అందరూ ఆవిణ్ణి బువ్వమ్మ అంటారు. ఇప్పుడు పెళ్ళికూతురైన ఈ ఇంటి అమ్మాయి, మాటలొచ్చిన కొత్తలో పెట్టిన పేరట. బువ్వ పెట్టేది కాబట్టి బువ్వమ్మ. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో.

"పిల్లకి పాలు చాలాయా?" అంది బువ్వమ్మ వెనక్కి తిరక్కుండానే.

"చాలాయండీ."

"చాలితే అట్లా వెక్కదు. భుజానేసుకుని నాలుగడుగులు తిప్పు."

కూర మాట ఆవిడ ఎత్తలేదు. ఈమె కూడా ఎత్తలేదు. లోపల భోజనాల బల్ల దగ్గర్నుంచి "అమ్మాయ్, అయిందా?" అని ఇంటావిడ పిలిచింది. గిన్నె దించేముందు ఆమె ఒక చిన్న పని చేసింది. గరిటె తీసి కుడిపక్కన పెట్టింది.

బల్ల దగ్గర ఇంటావిడా, ఆవిడ భర్తా కూర్చున్నారు. పెళ్ళికూతురు బట్టల కొలతలకి వెళ్ళింది. కూరగాయల సూపు ఆయన రెండు చెంచాలు తాగి "ఊఁ" అన్నాడు. అన్నం మెతుకు ఇంటావిడ వేలితో నొక్కి చూసింది. మాంసం ముక్క నోట్లో పెట్టుకున్నాక మాత్రం నమలడం ఆపి, ఒక్క క్షణం వంటింటి గుమ్మం వైపు చూసింది.

"ఇదీ వంటంటే!" అంది. గొంతు వంటింటి దాకా వెళ్ళేంత పెద్దది. "అందుకే బయటివాళ్ళని పిలవాలన్నాను. ఇరవై మూడేళ్ళుగా ఇంట్లో తింటున్నాం, ఒక్క రోజన్నా ఇలా కుదిరిందా?"

వంటింట్లో కుళాయి నీళ్ళ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"అమ్మాయ్, పెళ్ళి వచ్చే శనివారం మధ్యాహ్నం, పెరట్లో, నూట ముప్పై మంది. మిగతావి ఎట్లా ఉన్నా సర్దుకుంటాను. ఈ కూర మాత్రం అచ్చం ఇలాగే ఉండాలి. ఈ ఏడు ఈ వీధిలోనే ఇంకో మూడు పెళ్ళిళ్ళున్నాయి. నేను ఒక్క మాట అంటే మూడూ నీవే."

"అలాగే అమ్మగారూ," అంది ఆమె, తేలు కుట్టిన దొంగలా.

*

ఆదివారం ఒకసారి, సోమవారం ఒకసారి, మంగళవారం రెండుసార్లు వండింది. ఉల్లిపాయలు ఎర్రగా వేపి చూసింది, ఇంకా ఎర్రగా వేపి చూసింది. నీళ్ళు తగ్గించింది. టమాటా మానేసింది. మిరియాలు దంచి వేసింది, దంచకుండా వేసింది. ప్రతిసారీ చిన్న గిన్నెలో పోసి పిన్ని ముందు పెట్టింది.

పిన్ని అంటే అమ్మకి చెల్లెలు. వాళ్ళ వంట జట్టంతా కలిపి నలుగురు: తను, పిన్ని, వడ్డించడానికి పిన్ని కోడలు, వ్యాను నడిపి గిన్నెలెత్తడానికి తన మొగుడు. రుచి దగ్గర మాత్రం తీర్పు పిన్నిదే. శనివారం తెచ్చిన మిగులు కూర పిన్ని రొట్టె ముక్కతో గిన్నె తుడిచి మరీ తింది.

"బావుంది," అంది పిన్ని మంగళవారం సాయంత్రం, పెదాలు చప్పరించి. "కానీ అది కాదు."

"మాంసం మారిందేమో."

"మాంసం అదే, కొట్టూ అదే. చెయ్యి మారింది." పిన్ని గిన్నె కింద పెట్టి ఈమె మొహంలోకి చూసింది. "ఏమే, ఆ రోజు కూర వండింది నువ్వేనా?"

ఆమె పిల్ల నోటికంటిన గంజి తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. పిల్ల మొహం చిట్లించి తల తిప్పేసుకుంది.

"మూడు వంతులు నేనే," అంది చివరికి.

"నాలుగో వంతు?"

చెప్పింది. గరిటె ఎడమపక్క ఉండడం చెప్పింది. తను కుడిపక్కకి మార్చిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం పిల్ల వైపే చూస్తూ చెప్పింది.

పిన్ని తిట్టలేదు. తిడితే బావుండేది. తరిగే పీట ముందుకి లాక్కుని, రేపటి పనికి కావలసిన క్యారెట్లు తరగడం మొదలుపెట్టింది. ఒక క్యారెట్టు అయ్యాక అంది: "ఆరేళ్ళు నువ్వు వండావు, ఆ వంట మేస్త్రీ మూతలు తీశాడు. గుర్తుందా? గిన్నె నువ్వు దించుతావు, భుజాన తుండుగుడ్డ వేసుకుని ఆయనొచ్చి జనం ముందు మూత ఎత్తుతాడు. 'అబ్బ, ఏం వండావయ్యా' అంటే నవ్వుతాడు. ఇంటికొచ్చి ఈ గోడకి ఆనుకుని ఏడ్చేదానివి."

"ఏడ్చానా?"

"ముక్కు చీది నా దుప్పటికి తుడిచావు కూడా. సొంతంగా మొదలెట్టినరోజు ఏమన్నావు? వండినవాళ్ళే మూత తియ్యాలి, మెప్పయినా తిట్టయినా వాళ్ళదే అన్నావు. నేను సలాడు గిన్నె మూత తీస్తే, కీరదోసకాయ ముక్కలకి కూడా మూత తీసే భాగ్యమా అని ఏడిపించావు." రెండో క్యారెట్టు తీసుకుంది. "ఇప్పుడు నువ్వూ మేస్త్రీవి అయ్యావు. ఒక తుండుగుడ్డ కొనుక్కో."

*

గురువారం పొద్దున పెరడు కొలవడానికి వెళ్ళింది. టేపుతో కాదు, అడుగులతో. పొయ్యిలు రేకుల షెడ్డు పక్కన, గాలి ఇంటివైపు కొట్టకుండా. వడ్డించే బల్లలు నిమ్మచెట్టు నీడలో, మధ్యాహ్నం ఒంటిగంటకి నీడ ఎక్కడిదాకా వస్తుందో చెప్పు మడమతో నేల మీద గీత గీసింది. కుళాయి నుంచి గిన్నెలు కడిగే చోటికి ఇరవై రెండు అడుగులు, పైపు చాలదు, ఇంకోటి తేవాలి. తర్వాత కుర్చీలు లెక్కపెట్టింది. ఎంతమంది వస్తారని మనుషుల్ని అడిగితే తగ్గించి చెబుతారు, కుర్చీలు అబద్ధం చెప్పవు. నూట నలభై ఆరు ఉన్నాయి.

"నూట ముప్పై అన్నారే!" అని పైకే అంది.

"ఆవిడెప్పుడూ పదహారు తక్కువే చెబుతుంది. వయసు కూడా అంతే," అంది వెనక వరండా మెట్టు మీంచి బువ్వమ్మ.

ఆమెకి నవ్వొచ్చింది. వెళ్ళి కింది మెట్టు మీద కూర్చుంది. పై మెట్టు మీద ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది, ఎడమ బొటనవేలితో చీలుస్తూ. ఆమె కూడా గుప్పెడు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

"ఆ రోజు నా కూర కాపాడారు," అంది.

"కూరకేం తెలుసు ఎవరిదో. మాడుతోంటే చూస్తూ ఊరుకోలేను, అది నా జబ్బు."

"అందులో ఏం వేశారు?"

"చెప్పను."

అంత సూటిగా అంటుందని అనుకోలేదు. ఒలిచిన కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఎందుకు చెప్పాలి?" అంది బువ్వమ్మ, కోపం లేకుండానే. "ఆ పిల్లకి మొదటి ముద్ద నేను పెట్టాను. పళ్ళొచ్చినప్పుడు నేను పెట్టాను, జ్వరమొస్తే నేను పెట్టాను. పెళ్ళికి ఒక్క కూరన్నా నన్ను వండనివ్వండమ్మా అని అడిగాను. నీది ఇంటి వంట, పెళ్ళి వంట కాదంది. ఆ రోజు ఆ కూర తిని, నేను వింటుండగా 'ఇదీ వంటంటే' అంది. ఇప్పుడు నువ్వొచ్చి ఏం వేశావంటున్నావు."

కోడి ఒకటి మెట్ల దాకా వచ్చి, తొక్కలు చూసి, పనికిరావనుకుని వెళ్ళిపోయింది.

"సరే, చెప్పొద్దు," అంది ఆమె. "మీరే వచ్చి వండండి."

బువ్వమ్మ చేతులు ఆగాయి. "నూట ముప్పై మందికా? నా చేతికి పన్నెండు మంది దాకే తెలుసు."

"నూట నలభై ఆరు. నా చేతికి ఆ లెక్క తెలుసు, ఆ రుచి తెలీదు. పదిమందికి చిటికెడు ఉప్పయితే వందమందికి పది చిటికెలు కాదు పెద్దమ్మా, ఏడుకి ఆపాలి. అవి నేను చూస్తాను."

"ఎనిమిది," అంది బువ్వమ్మ.

"ఏడు."

"చూద్దాం." అంతలోనే ఆవిడ మొహం మళ్ళీ మూసుకుపోయింది. "అమ్మగారు ఒప్పుకోదులే."

"నేను చెబుతాను. ఆ రోజు కూర నాది కాదని కూడా చెబుతాను."

చెప్పడానికి మేడ మెట్లెక్కుతోంటే కాళ్ళు ఒక్కోటీ బస్తా మోస్తున్నట్టున్నాయి. మూడు పెళ్ళిళ్ళు. ఆ డబ్బుతో ఏమేం చెయ్యాలో అప్పుడే మనసులో లెక్క కట్టుకుంది: పిల్లని చూసుకోవడానికి రోజూ ఒక మనిషి, సొంతంగా పెద్ద పొయ్యి. ఇంటావిడ మంచం నిండా పూల నమూనాలు పరుచుకుని ఉంది.

"అమ్మగారూ, మొన్న శనివారం మీకు నచ్చిన కూర నేను పూర్తి చెయ్యలేదు. పిల్ల ఏడుస్తోంటే బయటికెళ్ళాను. బువ్వమ్మగారు దించారు."

ఇంటావిడ తెల్లపువ్వు ఒకటి, పసుపు పువ్వు ఒకటి పట్టుకుని వెలుగులో చూసింది. "నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"ఇరవై మూడేళ్ళు తిన్న చెయ్యి నాకు తెలీదా అమ్మాయ్? మొదటి ముద్దకే తెలిసింది." తెల్లది పక్కన పెట్టింది. "అవతలివాళ్ళు పెద్ద పెద్ద హోటళ్ళలో తినేవాళ్ళు. పెళ్ళికి మా వంటమనిషి వండిందంటే ఏమనుకుంటారు? ఆవిడ చెయ్యి కావాలి, మీ పేరు కావాలి. నువ్వే తెలివిగా నోరు మూసుకున్నావని సంతోషించాను. ఇప్పుడెందుకొచ్చింది ఈ సత్యం?"

ఇన్నాళ్ళూ తను దొంగతనం చేశానని కుమిలిపోయింది. తీరా చూస్తే దొంగసొత్తు చేతిలో పెట్టింది ఈవిడే.

"అయితే పెళ్ళి రోజు కూర ఆవిణ్ణే వండమంటారా?"

"వండమను. వెనక వరండాలో, తలుపేసుకుని. బయటికి రాకూడదు. మా అమ్మాయి ఆవిణ్ణి పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంటానని ఒకటే పట్టు. ఆ రోజు ఒంట్లో బాగాలేక ఊరెళ్ళిందని చెబుతాను. గిన్నె బయటికొచ్చాక అది నీ కూర. తెలిసిందా?"

"వంట ఆవిడ చేస్తుందండీ. కానీ మాలో ఒక పద్ధతి ఉంది. వండినవాళ్ళే మూత..."

ఫోను మోగింది. "మీ పద్ధతులు మీ ఇంట్లో పెట్టుకోండి తల్లీ," అని ఇంటావిడ ఫోను ఎత్తింది.

ఆమె కిందికి దిగింది. కాళ్ళ బరువు తగ్గింది. చెప్పాల్సింది చెప్పింది, వినాల్సినవాళ్ళు వినకపోతే అది తన తప్పు కాదు.

*

శనివారం పొద్దున ఏడుకల్లా వ్యాను పెరటి గేటు దగ్గర ఆగింది. పిన్ని దిగీ దిగకుండానే నిమ్మచెట్టు కింద గీత మీద బల్ల సరిగ్గా పడిందో లేదో చూసింది. పెద్ద పొయ్యి ఒకటి వెనక వరండాలోకి మోశారు. బువ్వమ్మ ఉతికిన ఏప్రను కట్టుకుని, జుట్టు గట్టిగా ముడేసుకుని, యుద్ధానికి వచ్చినట్టు నిలబడి ఉంది.

గంగాళమంత గిన్నె చూసి ఆవిడ ఒక్క క్షణం జంకింది. "ఇందులో నేను పడితే నన్ను కూడా వండేస్తారు."

"ముదురు మాంసం, మూడు గంటలు పడుతుంది," అంది పిన్ని. బువ్వమ్మ పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వు వినడం ఆమెకి అదే మొదటిసారి.

తర్వాత ఆవిడ ఎవరూ అడగకుండానే ఉల్లిపాయలు పొట్టుతో సహా మంట మీద పెట్టింది. ఒకటి కాదు, పద్నాలుగు. పైపొర బొగ్గయ్యేదాకా, లోపల రసం చిమ్మేదాకా ఎడమ చేత్తో తిప్పుతూ కాల్చింది. చెరువులోకి రాళ్ళు వదిలినట్టు ఒక్కోటీ గిన్నెలోకి వదిలింది.

"ఇదేనా?" అంది ఆమె.

"ఇదే. దించేముందు ఏరి పారెయ్యాలి. నల్లదనం వాటితో పోతుంది, వాసన ఉండిపోతుంది. చెప్పనన్నాను, చూడొద్దనలేదుగా."

ఉప్పు దగ్గర గొడవపడ్డారు. చివరికి ఏడున్నర దగ్గర ఆగారు. పెరట్లో కుర్చీలు నిండుతున్న చప్పుడు తలుపు ఇవతలికి వినిపిస్తోంది. పెళ్ళి రిజిస్టరులో సంతకాలయ్యాయి కాబోలు, చప్పట్లు మోగాయి. బువ్వమ్మ గరిటె పట్టుకునే తలుపు సందులోంచి చూసింది. పెళ్ళికూతురి జడ మాత్రమే కనబడినట్టుంది. "ఎడమపక్క పూలు జారుతున్నాయి, ఎవరూ చూడరేం," అని గొణిగింది.

గిన్నె దించాక ఆమె అంది: "పెద్దమ్మా, బల్ల మీదికి మేం చేరుస్తాం. మూత మాత్రం నేను తియ్యను."

"మరెవరు తీస్తారు?"

"వండినవాళ్ళు."

బువ్వమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "పిచ్చిపట్టిందా? ఆ మూడు పెళ్ళిళ్ళూ పోతాయి నీకు. నా నీడ పోతుంది."

"మీరు రాకపోతే నేనేమీ అనుకోను. కానీ నేను తీస్తే అది నాదని చెప్పినట్టు. ఒకసారి ఆ అబద్ధం ఆడాను, చాలు."

బువ్వమ్మ వెనక్కి తిరిగి పొయ్యి తుడవసాగింది. తలుపు పడింది.

బల్ల మీద అయిదు గిన్నెలు వరసగా ఉన్నాయి. చుట్టాలు పళ్ళేలు పట్టుకుని నిమ్మచెట్టు నీడలోకి వచ్చారు. పిన్ని సలాడు మూత తీసింది. పిన్ని కోడలు దుంపల వేపుడు మూత తీసింది. ఆమె సూపుదీ, అన్నందీ తీసింది. అన్నం మీంచి ఆవిరి లేచింది. అయిదో గిన్నె మూత మీద గుడ్డ మడత కదలకుండా ఉంది.

వరసలో మొదట పెళ్ళికొడుకు తల్లి. పళ్ళెంలో అన్నం పెట్టించుకుని అయిదో గిన్నె ముందు ఆగింది. వెనకవాళ్ళూ ఆగారు.

"ఈ గిన్నె కూడా సంతకం పెడితేనే గానీ తెరుచుకోదా?" అందావిడ సరదాగా.

నలుగురు నవ్వారు. ఇంటావిడ ఆ నవ్వుతోనే వచ్చి, నవ్వు చెరగకుండా, పళ్ళ మధ్యనుంచి అంది: "తియ్యి అమ్మాయ్."

"నేను వండలేదు అమ్మగారూ."

"తియ్యమంటున్నానా?"

ఆమె రెండు చేతులూ ఏప్రను కింద పెట్టుకుంది. గేటు దగ్గర వ్యాను నీడలో మొగుడి భుజం మీద పిల్ల నిద్రపోతోంది. ఆమె అటు ఒకసారి చూసి అంది: "వండినవాళ్ళే తీస్తారండీ మాలో. ఆ రోజే చెప్పాను. మీరు పిలిస్తే వస్తారు."

ఇంటావిడ చెయ్యి మూత దాకా వెళ్ళింది. తనే తియ్యబోయింది. గుడ్డ తాకి ఆగిపోయింది. వరసంతా ఆ చేతి వైపే చూస్తోంది. అప్పుడే పెళ్ళికూతురు మొగుడి చెయ్యి పట్టుకుని నవ్వుతూ బల్ల దగ్గరికి వచ్చింది. మూత సందులోంచి వస్తున్న సన్నని ఆవిరి తగిలి నవ్వు ఆపేసింది. మళ్ళీ పీల్చింది.

"అమ్మా," అంది. "బువ్వమ్మ ఊరెళ్ళిందన్నావు."

పెరట్లో ఎక్కడో చెంచా పడిన చప్పుడు. ఇంటావిడ కూతురి మొహం చూసింది, మూత మీద తన చెయ్యి చూసుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. గిరుక్కున తిరిగి పెరటికి అడ్డంగా, కుర్చీల మధ్యనుంచి, వెనక వరండా వైపు నడిచింది. పది అడుగుల దూరంలో ఆగి తలుపు వైపు చూసింది. మొదటి పిలుపు గొంతులోనే ఉండిపోయింది. రెండోది పెరడంతా వినబడింది.

"బువ్వమ్మా! రా. నీ కూర కోసం నిలబడ్డారు."

తలుపు వెంటనే తెరుచుకోలేదు. ఆమె లెక్కపెట్టింది. అయిదు, ఆరు. ఏడున్నర దగ్గర తెరుచుకుంది.

బువ్వమ్మ ఏప్రను మార్చలేదు. ఎడమ చేతి వేళ్ళకి ఉల్లిపాయల మసి అలాగే ఉంది. ఎవరి వైపూ చూడకుండా బల్ల దగ్గరికి వచ్చింది. దారిలో పెళ్ళికూతురి జడ దగ్గర ఆగి, జారుతున్న పూలు పైకి తోసింది, అంతే. గుడ్డ మడత అందుకుని, ఎడమ చేత్తో మూత ఎత్తింది.

ఆవిరి తగ్గాక ఆవిడ గరిటెతో అడుగునుంచి ఒకసారి కలిపి, కొస నాలుకకి తగిలించుకుని, ఆమె వైపు తిరిగింది.

"ఎనిమిది వెయ్యాల్సింది."

"సరిపోయింది," అంది ఆమె.

"మీరే వండారా?" అంది పెళ్ళికొడుకు తల్లి, మొదటి ముక్క నమిలి.

"నేనే. ఇంతమందికి లెక్క కట్టింది ఈ అమ్మాయి."

"వచ్చే నెల మా ఇంట్లో విందు పెడుతున్నాం. ఎవరికి చెప్పమంటారు?"

ఇంటావిడ తిరిగి వచ్చి కూతురి పక్కన నిలబడింది. కాసేపయ్యాక తనూ ఒక పళ్ళెం తీసుకుని వరసలో చేరింది. పెళ్ళికూతురు ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి బువ్వమ్మ వెనక వేసింది. ఆవిడ కూర్చోలేదు, వరస ఇంకా చాలా ఉంది.

"ఇద్దరికీ చెప్పండి," అంది ఆమె. బువ్వమ్మ పిల్లలకి మెత్తటి ముక్కలు ఏరి వేస్తోంది.

మూడున్నరకి గిన్నె ఖాళీ అయింది. పిన్ని రొట్టె ముక్కతో అడుగు తుడిచింది. బల్ల ఎత్తేముందు ఆమె గిన్నెలు సర్దుతూ వచ్చి అయిదో గిన్నె దగ్గర ఆగింది.

గరిటె ఎడమ వైపు ఉంది, వెల్లకిలా. ఆమె దాన్ని కదపలేదు. మిగతావన్నీ వ్యాను ఎక్కించాక, అది ఎవరిదో వాళ్ళే వచ్చి తీసుకునేదాకా ఆగింది.